మన మెదడు లేటెన్సీ ఎంతో తెలుసా? బెరా టెస్ట్ వెనకున్న టెక్నాలజీ ఇదే!

ఇయర్‌బడ్స్ రివ్యూ చేసేటప్పుడు నేను ముందుగా చూసేది లేటెన్సీ. గేమింగ్ మోడ్‌లో 50 మిల్లీసెకన్లు వస్తే బాగుందనే చెప్తాను. మరి చెవిలో పడిన శబ్దం మెదడు కాండం, అంటే బ్రెయిన్‌స్టెమ్ పై భాగానికి చేరడానికి ఎంత టైమ్ పడుతుంది? పెద్దవాళ్లలో దాదాపు 6 మిల్లీసెకన్లే! పసిపిల్లల వినికిడిని పరీక్షించే 'బెరా' టెస్ట్ ఈ టైమింగ్ మీదే నడుస్తుంది.

శబ్దం వెళ్లే రూటు

చెవి లోపలి కాక్లియా శబ్దాన్ని కరెంటు సిగ్నల్‌గా మారుస్తుంది. మా గుత్తి జంక్షన్ మీదుగా వెళ్లే రైలుకి ప్రతి స్టేషన్‌కీ ఒక టైమ్ ఉన్నట్టే, ఈ సిగ్నల్‌కీ ఉంటుంది. 'టక్' మని ఒక క్లిక్ వినిపిస్తే వేల న్యూరాన్లు ఒకేసారి స్పందిస్తాయి. సుమారు 1.5 మిల్లీసెకన్లకి శ్రవణ నాడి నుంచి మొదటి అల, 4 లోపు మూడో అల, 6 లోపు ఐదో అల కనిపిస్తాయి. ఈ అలలను 1971లో జ్యూవెట్, విల్లిస్టన్ వివరంగా రికార్డు చేశారు. పసిపిల్లల్లో ఇవి కాస్త ఆలస్యంగా వస్తాయి.

ఇక్కడా నైట్ మోడ్ ట్రిక్కే

తలకి అంటించిన ఎలక్ట్రోడ్లకి అందే ఈ సిగ్నల్ 1 మైక్రోవోల్ట్ కన్నా తక్కువ. మెదడులోని మిగతా సందడిలో అది మునిగిపోతుంది. అందుకే మెషీన్ దాదాపు 2000 క్లిక్‌లు వినిపించి, అన్ని స్పందనలకీ సగటు తీస్తుంది. ఫోన్ నైట్ మోడ్ చాలా ఫ్రేములు కలిపి నాయిస్ తగ్గిస్తుంది కదా, అదే లెక్క. 2000 కలిపితే నాయిస్ సుమారు 45వ వంతుకి పడిపోతుంది, అసలు అల బయటపడుతుంది.

దీంతో మనకేం పని?

ఊళ్లలో పళ్లెం మోగించి, బిడ్డ తల తిప్పితే "వినపడుతోందిలే" అనుకుంటారు. కానీ బిడ్డ చేతి కదలిక చూసి కూడా తిరగొచ్చు. ఫోన్ యాప్‌ల టెస్టులో వినపడగానే బటన్ నొక్కాలి, చంటిబిడ్డ నొక్కలేదు. బెరాకి ఆ జవాబు అక్కర్లేదు, బిడ్డ నిద్రపోతుంటే ఇంకా మంచిది.

నెల లోపు స్క్రీనింగ్, 3 నెలల లోపు నిర్ధారణ, 6 నెలల లోపు చికిత్స మొదలవ్వాలన్నది చాలా దేశాల్లో పాటించే లెక్క. గుత్తి నుంచి అనంతపురం సుమారు 50 కిలోమీటర్లు. ఇంట్లో చంటిబిడ్డ వినికిడిపై అనుమానముంటే "మాటలు ఆలస్యంగా వస్తాయిలే" అని ఆగకండి. ఈఎన్‌టీ డాక్టర్‌ని కలిసి, బెరా గురించి అడగండి.