విలన్‌ని ఎంచుకునే ముందు

తెనాలి

చిరంజీవి చిన్నికి,


నువ్వు పంపిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. దసరా సెలవుల్లో మన డాబా మీద మీరు పెట్టుకున్న వాదన మళ్ళీ చెవుల్లో మోగింది. 2022లో మాట్ రీవ్స్ తీసిన ‘ది బ్యాట్‌మ్యాన్’కి రెండో భాగంలో విలన్ ఎవరైతే బాగుంటుందన్నది ఆ రోజు గొడవ. అన్నయ్య జోకర్ అన్నాడు. నువ్వు కోర్ట్ ఆఫ్ అవుల్స్ అన్నావు. మీ పిన్ని కూతురు, నీ చెల్లెలు, మిస్టర్ ఫ్రీజ్ అంది. అన్నాలు చల్లారిపోతున్నాయని మీ అత్తయ్య మూడుసార్లు పిలిచినా ఒక్కరూ కదల్లేదు. ఫ్రీజ్ భార్యకి నయంకాని జబ్బని, ఆమెని మంచులో భద్రపరిచాడని చెల్లెలు చెబుతుంటే, మీ అందరిలోకీ చిన్నవాడు, మా బుడ్డోడు, “మరి వాళ్ళావిడ లేస్తుందా?” అని అడిగాడు. మీరంతా ఫక్కున నవ్వారు. వాడు ముడుచుకుపోయి నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

ఇప్పుడు నువ్వు స్క్రీన్‌ప్లే నేర్చుకుంటున్నావు కాబట్టి, “మాలో ఎవరిది రైటు మామయ్యా?” అని అడుగుతున్నావు. ముప్పై ఏళ్ళు నాటికలు రాసి ఆడించినవాణ్ణి. నాకు తెలిసినంతలో చెబుతాను, శ్రద్ధగా చదువు.

ముందుగా ఒక మాట. ఇలాంటి వాదనలు పనికిమాలినవని ఎవరైనా అంటే నమ్మకు. ఇంకా పుట్టని కథలో ఎవరుండాలని గంటసేపు పోట్లాడుకోవడమంటే కథ కట్టడంలో మొదటి పాఠం చదువుతున్నట్టే. కాకపోతే ఆ రోజు మీరంతా ఒక మనిషిని మరిచిపోయారు. అన్నయ్య జోకర్‌కున్న పేరు చెప్పాడు. నువ్వు గుడ్లగూబ ముసుగుల వెనకున్న రహస్యం చెప్పావు. చెల్లెలు ఫ్రీజ్ దుఃఖం చెప్పింది. గంటసేపు మాట్లాడుకున్నా, బ్యాట్‌మ్యాన్‌కి ఇప్పుడు ఏం కావాలని మీలో ఒక్కరూ అడగలేదు.

మనకి విలన్ అనే మాట కన్నా పాతదీ లోతైనదీ ఒకటుంది: ప్రతినాయకుడు. ప్రతిబింబంలోనూ, ప్రతిధ్వనిలోనూ, ప్రతినాయకుడిలోనూ ఉన్నది ఒకే ‘ప్రతి’. ఎదురుగా నిలిచేది, తిరిగి పలికేది. అద్దంలో ఎవరు కనబడాలో అద్దం నిర్ణయించదు, దాని ముందు నిలబడ్డవాణ్ణి బట్టి ఉంటుంది. అందుకని విలన్‌ని వెతికే ముందు హీరోని చూడాలి. వాడు మొదటి భాగం చివర ఎక్కడ ఆగాడో, ఏ ప్రశ్నకి జవాబు చెప్పకుండా వచ్చాడో చూడాలి.

ఆ సినిమా ఎక్కడ ఆగిందో గుర్తు చేసుకో. మొదట్లో బ్యాట్‌మ్యాన్ రౌడీల ముందుకి చీకట్లోంచి వచ్చి, తన పేరు ప్రతీకారమన్నట్టు చెప్పుకుంటాడు. చివర్లో విలన్ రిడ్లర్ మనుషుల్లో ఒకణ్ణి పట్టుకుని నువ్వెవరని అడిగితే, వాడూ అదే మాట అంటాడు. ఆ క్షణంలో బ్యాట్‌మ్యాన్ మొహం చూశావా? తాను నాటిన విత్తనం మొక్కై ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆ తర్వాత వరదనీళ్ళలోకి దిగుతాడు. చుట్టూ చీకటి, నీళ్ళలో చిక్కుకున్న జనం. చేతిలో ఎర్రటి ఫ్లేర్ వెలిగించి చెయ్యి చాపుతాడు. అంతదాకా అతన్ని చూసి భయపడ్డవాళ్ళు ఆ వెలుగు పట్టుకుని వెనకాల నడుస్తారు. తండ్రిని పోగొట్టుకున్న మేయర్ కొడుకు కూడా వాళ్ళలో ఉన్నాడు. భయపెట్టడానికి వేసుకున్న ముసుగు దారి చూపడానికి పనికొచ్చింది. రెండో భాగం రాసేవాడు బయల్దేరాల్సింది అక్కణ్ణుంచి.

ఇలా చూడకుండా, జనం అడిగారని విలన్‌ని తెస్తే ఏమవుతుందో ‘స్పైడర్‌మ్యాన్ 3’ చెబుతుంది. సామ్ రైమీ మొదటి రెండు భాగాల్లో లెక్క తప్పలేదు. 2002లో గ్రీన్ గాబ్లిన్ వచ్చాడు. స్పైడర్‌మ్యాన్ ముసుగు వెనకున్న, తండ్రి లేని పీటర్‌కి తండ్రిలా కనబడిన మనిషే శత్రువయ్యాడు. 2004లో డాక్టర్ ఆక్టోపస్ వచ్చాడు. పీటర్ ఎలాంటి శాస్త్రవేత్త కావాలనుకున్నాడో అలాంటివాడు. తన కలని వదులుకోలేక పాడైపోయి, చివరికి వదులుకుని మనిషయ్యాడు. ఇద్దరూ పీటర్‌కి అద్దాలే. మూడో భాగానికి రైమీ మనసు సాండ్‌మ్యాన్ మీద ఉంది. అభిమానులు మాత్రం వెనమ్, వెనమ్ అన్నారు. నిర్మాత ఆవీ ఆరాడ్ వాళ్ళ కోరికని దర్శకుడి ముందు పెట్టి ఒప్పించాడు. ఆ పాత్ర మీద రైమీకి మొదట్నుంచీ పెద్ద మక్కువ లేదు. 2007లో సినిమా వచ్చింది. సాండ్‌మ్యాన్, వెనమ్, తండ్రి గ్రీన్ గాబ్లిన్ పగ మోస్తున్న హ్యారీ, ముగ్గురూ ఒకే ఇంట్లో ఇరుక్కున్నారు. డబ్బుకి లోటు లేదు, ప్రపంచమంతా కలిపి దాదాపు 89 కోట్ల డాలర్లు వసూలైంది. అయినా అందులోని పాత్రలన్నిటినీ మనసారా నమ్మలేకపోయానని రైమీయే తర్వాత ఒప్పుకున్నాడు.

తప్పు వెనమ్‌ది కాదు చిన్నీ, ఇది బాగా గుర్తుపెట్టుకో. కామిక్స్‌లో స్పైడర్‌మ్యాన్ ఒంటిమీదికి నల్ల దుస్తులు 1984లో వచ్చాయి. అవి దుస్తులు కావు, ప్రాణమున్న జీవి అని తర్వాత తెలిసింది. పీటర్ దాన్ని వదిలించుకున్నాడు. ఆ జీవి, పీటర్ అంటే పడని ఎడ్డీ బ్రాక్ కలిసి వెనమ్‌గా నిండుగా ఎదురుపడింది 1988లో, ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ 300వ సంచికలో. అంటే ఆ పగ నాలుగేళ్ళు కాగింది. పీటర్ వదిలేసినదే అతని గుట్టంతా తెలుసుకుని తిరిగొచ్చింది కాబట్టి వెనమ్ అంత భయపెట్టాడు. నాలుగేళ్ళు కాగిన పాలని ఒక సినిమా చివరి అరగంటలో పొంగించాలని చూస్తే ఎక్కడ పొంగుతాయి? పాఠకులు వెనమ్‌ని ప్రేమించింది ఆ నాలుగేళ్ళ వల్ల. సినిమాకి అడిగినప్పుడు మాత్రం ఆ పళ్ళూ నాలుకా అడిగారు.

అదే సినిమాలో సాండ్‌మ్యాన్ పుట్టే ఘట్టాన్ని ఈ ఆదివారం మళ్ళీ చూడు. ఫ్లింట్ మార్కో ఇసుకగా మారిపోయాడు. గుంటలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఒక్కొక్క రేణువూ కదులుతుంది, దొర్లుతుంది. మెల్లిగా కుప్పవుతుంది, కుప్ప మనిషి ఆకారమవుతుంది, కూలిపోతుంది. మళ్ళీ లేస్తుంది. పక్కనే కూతురి బొమ్మ ఉన్న లాకెట్ పడి ఉంది. చెయ్యి చాపితే వేళ్ళు రాలిపోతాయి. ఇంకోసారి ప్రయత్నిస్తాడు. చివరికి పట్టుకుంటాడు. ఒక్క మాట లేదు. నేనైతే ఊపిరి బిగబట్టి చూశాను. జబ్బుపడ్డ బిడ్డ కోసం నేరం చేసినవాడు, పీటర్ బాబాయ్ బెన్ చావుకి కారణమైనవాడు. అలాంటివాణ్ణి పీటర్ క్షమించగలడా? పీటర్‌ని అంతదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. సినిమా మొత్తం ఆ ప్రశ్న చుట్టూ తిరగాల్సింది. కానీ దానికి చోటు చాల్లేదు.

ఇంత ఘాటుగా చెబుతున్నానంటే కారణముంది, ఇదే పొరపాటు నేనూ చేశాను. ఒక పరిషత్తు పోటీకి నాటిక రాశాను. అన్నదమ్ముల కథ. పొలం పంచమని తమ్ముడు అడుగుతాడు. అన్న మంచివాడే కానీ, తమ్ముడి చదువు ఆపి తన పిల్లల్ని చదివించినవాడు. తమ్ముడు అడగడంలో న్యాయముంది, అన్న గుండెలో ముల్లుంది. రిహార్సల్స్ చూసిన మిత్రులు, “జనానికి ఇది ఆనదు, ఒక వడ్డీ వ్యాపారిని పెట్టు, వాడి ఎంట్రీకే చప్పట్లు పడతాయి” అన్నారు. పెట్టాను. చప్పట్లు పడ్డాయి కూడా. వాడికి చోటివ్వడానికి తమ్ముడి చివరి రంగం కోసేశాను. తెర పడ్డాక ఒక పెద్దాయన వేదిక వెనక్కి వెతుక్కుంటూ వచ్చి, “బాబూ, ఆ తమ్ముడేమయ్యాడు?” అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ నాటిక మళ్ళీ ఆడించలేదు. ఆ పెద్దాయన ప్రశ్న మాత్రం ఈనాటికీ నాతోనే ఉంది.

అలాగని అభిమానుల్ని తక్కువ చెయ్యకు. వాళ్ళ ప్రేమ నిజమైనది. అయితే ఆ ప్రేమ చూసినదాన్నే మళ్ళీ కోరుతుంది. రాసేవాళ్ళు చూపించాల్సింది ఇంకా ఎవరూ చూడనిది. 2006లో జోకర్‌గా హీత్ లెడ్జర్ పేరు ప్రకటిస్తే చాలామంది పెదవి విరిచారు. 2008లో ‘ది డార్క్ నైట్’ విడుదలయ్యేసరికి అతను బతికి లేడు. మరుసటి ఏడు ఆస్కార్ అతని పేరుకి వచ్చింది. పెదవి విరిచినవాళ్ళే చేతులెత్తి మొక్కారు. అందుకని వాదనలో ఎంత పట్టు పట్టినా, రేపు తెర మీద చూశాక మనసు మార్చుకునే చోటు కొంచెం ఉంచుకో.

ఇంకో సంగతి. ఏ విలనూ పుట్టుకతో గొప్పవాడు కాదు, చిన్నవాడూ కాదు. మిస్టర్ ఫ్రీజ్ 1959లో మిస్టర్ జీరో అనే పేరుతో కామిక్స్‌లోకి వచ్చాడు. మంచు తుపాకీ పట్టుకుని వజ్రాలు దొంగిలించేవాడు, అంతకు మించి ఏమీ లేదు. 1992లో బ్యాట్‌మ్యాన్ యానిమేషన్ సీరియల్‌కి పాల్ డీనీ ‘హార్ట్ ఆఫ్ ఐస్’ అనే ఎపిసోడ్ రాశాడు, బ్రూస్ టిమ్ దర్శకత్వం వహించాడు. నోరా అనే భార్యని, ఆమె జబ్బుని, ఆమెని బతికించాలనే తపనని ఫ్రీజ్‌కి ఇచ్చింది వాళ్ళే. చివర్లో చల్లటి జైలుగదిలో కూర్చుని, నాట్యం చేసే బొమ్మ ఉన్న చిన్న గాజుగోళాన్ని చేతిలో పట్టుకుని భార్యని క్షమాపణ అడుగుతాడు. అరగంట కూడా లేని పిల్లల కార్యక్రమం అది. ముప్పై ఏళ్ళుగా పక్కన పడి ఉన్న దొంగకి గుండె వచ్చింది. ఆ రచనకి ఎమ్మీ అవార్డు ఇచ్చారు. 1997లో అదే ఫ్రీజ్‌ని పెద్ద తెర మీదికి తెచ్చి మంచు మీద చలోక్తులు చెప్పించారు, నిలబడలేదు. పాత్ర అదే. ఒకచోట గాయం చూపించారు, ఇంకోచోట తుపాకీ చూపించారు.

ఇప్పుడు మీ ముగ్గురి పేర్లూ ఆ ఫ్లేర్ వెలుగులో పెట్టి చూద్దాం. జోకర్ బ్యాట్‌మ్యాన్‌ని అడిగేది ఒకటే, నీ నియమం ఎంతవరకు నిలుస్తుందని. 2008లో అది అడిగేశారు, జవాబూ వచ్చింది. మళ్ళీ అడగాలంటే కొత్త కారణం కావాలి. నువ్వు చెప్పిన కోర్ట్ ఆఫ్ అవుల్స్‌ని 2011లో స్కాట్ స్నైడర్, గ్రెగ్ కపులో తెచ్చారు. తరతరాలుగా బ్యాట్‌మ్యాన్ ఊరు గాథమ్‌ని చాటునుంచి ఏలిన శ్రీమంతుల కూటమి. బ్యాట్‌మ్యాన్ పుట్టిన వేన్ వంశం చేతులు శుభ్రమైనవేనా అని వాళ్ళు అడుగుతారు. ఇది మంచి ప్రశ్న, నీ ఎంపికలో బలముంది. అయితే తండ్రి థామస్ వేన్ మచ్చ గురించి మొదటి భాగమే అడిగింది. దాన్ని దాటి ఏం అడుగుతావో నువ్వు చెప్పాలి.

నా ఓటు ఫ్రీజ్‌కి. జనానికి ఆశ చూపిస్తానని బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న బ్రూస్ బయల్దేరాడు, బాగానే ఉంది. కానీ అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ఆ రాత్రిలోనే అతని మనసు గడ్డకట్టుకుని ఉంది. తన దుఃఖాన్ని కరగనివ్వనివాడు ఊరికి వెచ్చదనం ఎలా ఇస్తాడు? పోయేవాళ్ళని పోనివ్వలేని మనిషే అతనికి ఎదురుగా నిలబడాలి. మంచు తుపాకీ ఆ సినిమా ధోరణికి నప్పదని అన్నయ్య అన్నాడు కదా, తుపాకీ తీసేయమను. ప్రేమే నేరంగా మారిన మనిషి మిగిలితే చాలు.

ఇది నా ఓటు మాత్రమే. నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఎందుకో రాసి పంపు. అప్పుడు కూడా విలన్ పేరుతో మొదలుపెట్టకు. ఒక తెల్లకాగితం తీసుకుని, బ్రూస్ ఒంటరిగా ఉన్నప్పుడు దేనికి భయపడతాడో ఒక పేజీ రాయి. ఆ పేజీలో విలన్ కనబడకూడదు. రాశాక ఆ భయానికి కాళ్ళూ చేతులూ ఇస్తే ఎవరిలా ఉంటాడో చూడు. వాడే నీ ప్రతినాయకుడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పేజీ తీసుకురా, డాబా మీద కూర్చుని అందరం చదువుకుందాం.

అన్నట్టు, ఆ రాత్రి మీరంతా పడుకున్నాక బుడ్డోడు నా దుప్పట్లో దూరి మళ్ళీ అడిగాడు, వాళ్ళావిడ లేస్తుందా అని. ఆమె లేస్తే ఫ్రీజ్ ఏమవుతాడు? లేవకపోతే బ్రూస్ ఏమవుతాడు? గంటసేపు మీరు వెతికినది వాడు ఒక్క మాటలో అడిగాడు. ఈసారి వచ్చినప్పుడు వాణ్ణి నీ పక్కన కూర్చోబెట్టుకో.

ఇట్లు,
నీ మామయ్య