ఇసుక వేడెక్కితే తాబేలుకేం?

ప్రశ్న: ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ చూసి, “మంచంతా కరిగితే ఇది ఎక్కడికెళ్తుంది?” అంటోంది మా ఆరేళ్ల పాప. భయపెట్టకుండా ఎలా చెప్పాలి?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ఆ వయసు పిల్లలకు ‘కర్బన ఉద్గారాలు’ తలకెక్కవు. జంతువు ఏం తింటుంది, పిల్లల్ని ఎక్కడ పెడుతుంది అంటే మాత్రం ఇట్టే పట్టేస్తారు. ఎలుగుబంటి సీల్ చేపల్ని (నిజానికవి చేపలు కావు, పాలిచ్చే జంతువులు) వేటాడేది సముద్రపు మంచు మీదే. మంచు ముందే కరిగితే తిండి దొరికే రోజులు తగ్గుతాయి. ఈపాటి చాలు.

విశాఖ పాపకు ఇంతకన్నా దగ్గరి పాఠం ఆలివ్ రిడ్లీ తాబేలు. చలికాలం చివర్లో ఆ తీరానికే వచ్చి, ఇసుకలో గుంత తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుంది. పుట్టేది ఆడదా మగదా అన్నది ఇసుక వేడి తేలుస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి, వేడి పెరిగేకొద్దీ ఆడవే ఎక్కువ. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగపు పచ్చ తాబేళ్లలో, ఇంకా ఎదుగుతున్నవాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని 2018లో వెల్లడైంది.

రెండు గిన్నెల్లో ఇసుక పోసి ఒకటి ఎండలో, ఒకటి నీడలో పెట్టండి. గంటాగి పాపను వేలు గుచ్చి చూడమనండి. ఏ గిన్నెలో ఏవి పుడతాయో తనే చెబుతుంది.

అంతరించిపోయిన జీవుల కథలు మాత్రం ఇప్పుడే వద్దు. తీరంలో గుడ్లను ఏరి సంరక్షణ కేంద్రాల్లో పొదిగిస్తున్న వాళ్ల గురించి చెప్పండి. వేసవి మొదట్లో పిల్లల్ని కడలిలోకి వదిలేటప్పుడు చూపించండి. ఫోన్ ఫ్లాష్ కొట్టకండి, తాబేలు పిల్లల్ని చేత్తో పట్టుకోనివ్వకండి.