గంటగోపురం ఎక్కే ముందు

కె.గంగవరం,
మంగళవారం.

చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మొన్న అందింది. ఆదివారం స్నేహితులతో మెదక్ చర్చికి వెళ్తున్నామనీ, ఎక్కనిస్తే గంటగోపురం కూడా ఎక్కుతామనీ రాశావు. తప్పకుండా వెళ్లు. కానీ నిన్న మీ మావయ్య ఫోనులో ఒక ఫొటో చూపించాడు. గోల్కొండ గోడ ముందు మీరంతా నవ్వుతూ నిలబడ్డారు. పక్కనున్న కుర్రాడి చేతిలో బండి తాళంచెవి, వాడి వెనక గోడ మీద అప్పుడే గీసిన మూడక్షరాలు. నీ పేరేమోనని మీ అమ్మ పెద్దది చేసి మరీ చూసింది. కాదు. అయినా రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదమ్మా.

తాపీ పట్టి బతికినవాణ్ని. గోడ మీద గీత పడితే నా కంటికి ముందు అదే కనిపిస్తుంది. పాత సున్నపు పూత సంగతి మీ పిల్లలకు తెలియదు. ఇసుకా సున్నం ఎద్దుల గానుగలో ఆడించి, కరక్కాయ నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి, పూశాక రోజుల తరబడి తడిపి, గుండ్రాయితో నునుపు తేలేదాకా రుద్దేవాళ్లం. చెయ్యి పెడితే చల్లగా, కోడిగుడ్డు పెంకులా తగిలేది. దాని మీద తాళంచెవితో గీస్తే పై పొర లేస్తుంది. ఆ సందులోంచి వాన దిగుతుంది. రెండు మూడు వర్షాకాలాలకు అరచేయంత పెచ్చు ఊడి కింద పడుతుంది. వాడు గీసింది మూడక్షరాలే, గోడకు తగిలింది మాత్రం అంతటితో ఆగదు. గోల్కొండ లాంటి రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల జైలో, లక్ష రూపాయల జరిమానానో, రెండూనో పడొచ్చని చట్టంలో ఉంది. ఆ మాట వాడికి చెప్పు. నీకైతే చట్టం చెప్పక్కర్లేదు.

మెదక్ గోపురం ఎత్తు 175 అడుగులు. మన పెరట్లో పెద్ద కొబ్బరిచెట్టు మీద ఇంకో చెట్టు నిలబెట్టినా అందదు. 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కట్టించింది ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఇంగ్లీషు దొర. అవి కరువు రోజులు. ఆకలితో వచ్చినవాళ్లకు పనిచ్చి, ఆ పనికి తిండి పెట్టాడు. దొర పేరు నిలిచింది. కిటికీల్లో రంగు గాజు బొమ్మలు గీసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరూ నిలిచింది. (అవి పగటి వెలుగులోనే కనబడతాయి, పొద్దుగూకాక వెళ్తే ఏమీ ఉండదు. పెందలాడే బయల్దేరండి.) మరి గంజి కోసం అంత ఎత్తుకు రాయి మోసిన మనిషి పేరు ఏ గోడ మీద ఉంది తల్లీ? ఆ మనిషి రాసుకోని చోట మనం రాసుకుంటామా?

ద్రాక్షారామంలో రాళ్ల నిండా పేర్లున్నాయి కదా అని చిన్నప్పుడు నన్నడిగావు. ఆ శాసనాలు చాళుక్యుల, చోళుల నాటివి. అఖండ దీపం వెలగడానికి గొర్రెల్నీ ఆవుల్నీ పొలాల్నీ ఇచ్చినవాళ్లవి. ఇచ్చారు, రాయించుకున్నారు. తాళంచెవి కుర్రాడు గోల్కొండకు ఏమిచ్చాడు?

నాకు మీసాలు రాని రోజుల్లో మా మేనమామ వెంట యానాం పనికి వెళ్లేవాణ్ని. ఆయనే మేస్త్రీ. ఓ పాత బంగళాకు మరమ్మతు. వారమంతా అక్కడే పడక, చేపల పులుసు, దోమలు. ఆదివారం పని ఉండేది కాదు. ఫ్రెంచివాళ్ల నాటి సెయింట్ ఆన్స్ చర్చి, 1846లో పూర్తయిందది, దాని దగ్గరికి తీసుకెళ్లేవాడు. లోపల పాట సాగుతుంటే ఆయన బయట నిలబడి గోడ మూలలు తూకానికి ఉన్నాయో లేదో ఒంటికన్ను మూసి చూసేవాడు. నాతోటి కూలికుర్రాడొకడు ఆ బంగళా పచ్చిపూత మీద పుల్లతో పేరు రాశాడు. మావయ్య కేకలెయ్యలేదు. "కూలి తీసుకున్నాం కదరా, పేరెందుకు?" అని, తాపీ వాడి చేతికే ఇచ్చి మళ్లీ పూయించాడు. ఆ కుర్రాడు తర్వాత నాకంటే మంచి పనివాడయ్యాడు.

గోపురం తలుపు తాళం వేసి ఉంటే అక్కడి పెద్దల్ని అడుగు. వద్దంటే బతిమాలొద్దు, కాపలా మనిషి చేతిలో డబ్బులు పెట్టొద్దు. ఎక్కనిస్తే గోడవైపు చెయ్యి ఆనించి ఎక్కు, దిగేటప్పుడు ఫోను సంచిలో పెట్టెయ్. అటక నిచ్చెన మీంచి పడ్డ మోకాలు నీదే, మర్చిపోకు. ఆదివారం ఆరాధన జరుగుతుంటుంది. అది అయ్యేదాకా వెనక బల్ల మీద నిమ్మళంగా కూర్చోండి. గంట తాడు ఎవరూ ముట్టుకోవద్దు.

ఆ కుర్రాడితో కోపంగా మాట్లాడకు. వాణ్ని సంక్రాంతికి మనింటికి రమ్మను. సున్నం ఎలా కలిపేవాళ్లమో నేను చూపిస్తాను, గానుగ లేకపోయినా రోలుంది.

నాకోసం ఒక్క పని చెయ్యి. గోపురం కింద రాతికీ రాతికీ మధ్య సందులో గోరు పడుతుందో లేదో చూసి రాయి. నాకు కావలసింది ఫొటో కాదు, నీ మాట. బాబాయితో సున్నుండలు పంపుతున్నాను, డబ్బా అడుగున నెయ్యి సీసా ఉంది, నిలువుగా పెట్టుకో. రాత్రి పూట అన్నం మానేస్తున్నావని మీ అమ్మ చెప్పింది, ఆ సంగతి వచ్చే ఉత్తరంలో మాట్లాడతాను.

ప్రేమతో,
తాతయ్య