ఇంజను ఆయిల్ బోల్టు మర చెడినచో

తిరుపతి, చిత్తూరు జిల్లాలలో వానాధారపు వేరుశనగ విత్తుటకు పదును నిలుచునది కొద్ది దినములే. ఆ దినములలో ట్రాక్టరు నిలిచినచో అదను తప్పును. ఆయిల్ మార్చిన పిదప అడుగు బోల్టు నుండి చుక్కలు పడుచుండిన ఉపేక్షింపరాదు. బోల్టు ఊడి ఆయిల్ పోయినచో బేరింగులు కాలి ఇంజను పట్టివేయును.

కారణము: పాత వాషరునే వాడి, చుక్క ఆగుటకై పానాకు పైపు తొడిగి బిగించుట. అల్యూమినియము ఉక్కు కన్న మెత్తన. కావున అట్టి చాంబరులో రంధ్రపు మరలే ముందు తెగును.

సవరించు విధము:

1. ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్‌ను పాత్రలోనికి దింపి, బోల్టును, రంధ్రమును తుడిచి చూడుడు.

2. బోల్టు మరలు మాత్రమే చెడినచో అదే కొలత, అదే మర గల కొత్త బోల్టు చాలును.

3. రంధ్రపు మరలు తెగినచో చాంబరును విప్పించి, లేతు పనివారిచే పెద్ద మర కోయించి, ఉక్కు మర తొడుగు వేయించుడు. పాత కొలత బోల్టే మరల సరిపోవును. విప్పుట వీలుకానిచో ట్యాపుకు గ్రీజు పూసి కోయవలెను. లోహపు పొట్టు దానికి అంటుకొని వెలుపలికి వచ్చును.

4. విప్పిన చాంబరును డీజిలుతో కడిగి ఆరబెట్టి, కొత్త ప్యాకింగుతో బిగింపుడు. పొట్టు లోపల మిగిలినచో బేరింగులను గీరివేయును.

5. కొత్త వాషరు వేసి, బోల్టును మొదట చేతితోనే త్రిప్పుడు. సాఫీగా ఎక్కనిచో మర అడ్డము పడినదని గ్రహించి వెనుకకు తీయుడు. తుదకు కంపెనీ పుస్తకములో చెప్పినంత బిగువే చాలును.

కొత్త ఆయిల్ పోసి, 10 నిమిషములు ఇంజను నడిపి, బోల్టు చుట్టును చూడుడు. బంక పూయుట, టేపు చుట్టుట మరమ్మతు కానేరవు. పాత ఆయిల్‌ను బావి దగ్గరగాని, కాలువలోగాని పోయరాదు. వానలకు నెల ముందే ఈ పని ముగించుకొనుట మేలు.