ఆశ వేరు, న్యాయమైన ఆశింపు వేరు



ఆదివారం కోడికూర పెట్టే మెస్‌లో ఒక వారం చెప్పాపెట్టకుండా పప్పు వడ్డిస్తే, పళ్ళేల చప్పుడు వార్డెన్ గారి గదిదాకా వినబడుతుంది. ఆ చప్పుడులో ఒక న్యాయసూత్రం ఉందని పి.జి.కి వచ్చాకే మాకు తెలిసింది. కోడికూర మీద మనకు ఆస్తిహక్కేమీ లేదు. కానీ ప్రతివారం పెడుతూ వచ్చారు గనుక మానేసే ముందు మనకో మాట చెప్పాలి. పండుగకు బిర్యానీ పెడితే బాగుండుననుకోవడం మాత్రం ఉత్త ఆశ.

దీన్నే న్యాయశాస్త్రంలో లెజిటిమేట్ ఎక్స్‌పెక్టేషన్ అంటారు. మనం న్యాయమైన ఆశింపు అందాం. ఇంగ్లండులో ష్మిట్ కేసులో లార్డ్ డెన్నింగ్ ఈ మాట వాడారు. అది విదేశీ విద్యార్థుల కేసు. గడువు తీరాక ఇంకా ఉండనివ్వమనే హక్కు వారికి లేదన్నారు. గడువు లోపలే పంపేయాలంటే మాత్రం ముందు వారి మాట వినాలన్నారు.

అధికారి స్పష్టంగా మాట ఇచ్చినా, చాలాకాలంగా ఒక పద్ధతి నడుస్తున్నా ఈ ఆశింపు పుడుతుంది. మన దేశంలో దీనికి ఆధారం రాజ్యాంగం 14వ అధికరణం. ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం పద్ధతి మార్చుకోవచ్చు, ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు.

తత్వవేత్త జాన్ రాల్స్ 1971 నాటి 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్' గ్రంథంలో దీన్ని మరోవైపు నుంచి చూశారు. మనకు రావలసింది మన గొప్పతనాన్ని బట్టి కాదట, న్యాయమైన సంస్థ ప్రకటించిన నియమాలను నమ్మి మనం చేసినదాన్ని బట్టి అట. మొదట మాకిది రుచించలేదు. కష్టపడ్డవాడికి దక్కాలి కదా! తర్వాత అనిపించింది, గొప్పతనం కొలిచేదెవరు? నియమమైతే గోడమీద అంటించి ఉంటుంది. చదువురాని మా నాన్న కూడా ఎవరిచేతనైనా చదివించుకోగలడు.

కేరళలో జిల్లా జడ్జి పోస్టులకు 2015లో నోటిఫికేషన్ వచ్చింది. మౌఖిక పరీక్షకు కనీస మార్కుల నిబంధన లేదు. 2017లో మౌఖికాలు ముగిశాక హైకోర్టు ఆ నిబంధన పెట్టింది. మొత్తం మార్కులు ఎక్కువున్నవారు కూడా జాబితాలో లేకుండా పోయారు. 2023 జూలైలో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇది అభ్యర్థుల న్యాయమైన ఆశింపుకు భంగమని తేల్చింది. అయితే ఆరేళ్ళుగా పనిచేస్తున్నవారిని దింపలేమని, వీరిని ఇప్పుడు చేర్చుకోలేమని కూడా చెప్పింది. సూత్రం గెలిచింది, ఉద్యోగం రాలేదు. ఈ తీర్పు చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు.

ఎందుకంటే నిరుడు ఒక ఎంపిక జాబితాలో మా పేరు వచ్చింది. మర్నాడే నాన్న ఊళ్ళో లడ్డూలు పంచాడు. నియామకపత్రం నేటికీ రాలేదు. జాబితాలో పేరున్నంత మాత్రాన ఉద్యోగం హక్కు కాదని, కానీ కారణం లేకుండా ఖాళీలు నింపకుండా వదిలేయడానికి ప్రభుత్వానికి వీల్లేదని 1991లో శంకర్‌సన్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది నాన్నకు వివరిస్తే, "అయితే మనది ఆశేనా, నువ్వు చెప్పే ఆ రెండోదా?" అని అడిగాడు.

నోటిఫికేషన్, హాల్‌టికెట్, జాబితా నకలు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయి. నియామకం ఎందుకు ఆగిందో తెలపమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాం. జవాబుకు గడువు 30 రోజులు. ఈ వ్యాసం రాసే నాటికి 19 రోజులయ్యాయి.