విశాఖ తీరజలాల ఉష్ణోగ్రత, లవణీయతల దీర్ఘకాలిక మార్పులు: గణిత నమూనాలో పాటించవలసిన అంశాలు

సారాంశం

విశాఖపట్నం తీరజలాల లవణీయత ఒకే సంవత్సరంలో అధికంగా మారుతుంది. ఈ ఋతు భేదాన్ని, ఉత్తరం నుండి ప్రవాహంతో వచ్చే నదీజలాన్ని లెక్కించని గణిత నమూనా లేని మార్పును ఉన్నట్లు చూపగలదు.

నేపథ్యం

ఈ తీరజలాల శాస్త్రీయ అధ్యయనం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950వ దశకపు తొలి సంవత్సరాలలో ఆరంభమైంది. మార్చి–మే నెలలలో గాలులు ఉపరితల జలాన్ని తీరానికి దూరంగా నెట్టగా, దిగువనున్న చల్లని, ఉప్పదనం ఎక్కువైన నీరు పైకి వస్తుంది. అప్పుడు లవణీయత 34 పీపీటీకి చేరువగా ఉంటుంది. అక్టోబరు–నవంబరు నెలలలో తీరప్రవాహం దక్షిణముఖమై గంగా–బ్రహ్మపుత్ర, మహానది జలాలను తీసుకొని రావడంతో అది 25 పీపీటీ స్థాయికి దిగవచ్చు. సుమారు 30 పీపీటీ నీరు అవసరమైన రొయ్య హేచరీలకు ఈ తేడా కీలకం.

ఉప్పు లెక్క

20 మీటర్ల మందం గల పొరలో లవణీయత 34 నుండి 25కు తగ్గాలంటే 7.2 మీటర్ల మంచినీరు కలవాలి (34 × 20 ÷ 25 = 27.2). విశాఖలో వార్షిక వర్షపాతం సుమారు 1 మీటరు. అదంతా ఆ పొరలోనే కలిసినా లవణీయత 32.4 వరకే తగ్గుతుంది. కనుక వర్షం, ఆవిరి మాత్రమే గల నమూనా చాలదు. నదీజలం, ప్రవాహ వినిమయం కూడ ఉండాలి. ఆ నెలలలో గోదావరి జలం దక్షిణానికే పోతుంది గనుక విశాఖ లెక్కలో ఉత్తరాది నదులకే ప్రాధాన్యం.

మూసి ఉన్న సముద్రాల స్థితి వేరు. 1960లో సుమారు 10 పీపీటీ లవణీయత గల అరల్ సముద్రంలో, నదులను సేద్యానికి మళ్లించిన పిదప నీరు తగ్గి, ఉప్పు మిగిలి, లవణీయత అనేక రెట్లు పెరిగింది. బంగాళాఖాతం దక్షిణాన తెరిచి ఉన్నందున ఉప్పు ప్రవాహాలతో వచ్చిపోతుంది.

ఉష్ణం లెక్క

20 మీటర్ల పొరను 1 డిగ్రీ సెల్సియస్ వేడిచేయడానికి చదరపు మీటరుకు సుమారు 8.2 కోట్ల జౌళ్లు కావాలి. చదరపు మీటరుకు 50 వాట్ల మిగులు ఉష్ణం అందితే ఇందుకు 19 రోజులు పడుతుంది. తేలికైన మంచినీరు పైన నిలిచి, కలిసే పొరను 10 మీటర్లకు కుదిస్తే తొమ్మిదిన్నర రోజులు చాలు. అందువల్ల లవణీయతను విడిచి ఉష్ణోగ్రతను అంచనా వేయరాదు.

మాదిరుల కాలం

ఒక దశకంలో నీటి మాదిరులలో మూడు వంతులు ఏప్రిల్‌లోను (34), ఒక వంతు నవంబరులోను (25) సేకరించారనుకొందాం; సగటు 31.75. తరువాతి దశకంలో ఈ నిష్పత్తి తలక్రిందులైతే సగటు 27.25. సముద్రం మారకుండానే 4.5 పీపీటీ “తగ్గుదల” కనిపిస్తుంది. దానిని నమ్మి హేచరీ స్థలాన్ని మార్చమని సలహా ఇస్తే నష్టం రైతుదే.

ముగింపు

ఏప్రిల్‌ను ఏప్రిల్‌తోను, నవంబరును నవంబరుతోను పోల్చాలి. ప్రతి మాదిరికి తేదీ, లోతు, స్థలం నమోదు చేయాలి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అందించే ఆర్గో తేలియాడు పరికరాల వివరాలు లోతు సముద్రానికి ఉపకరిస్తాయి. లోతు తక్కువైన తీరానికి స్థానిక కొలతలే ఆధారం. కొన్ని సంవత్సరాల కొలతలను నమూనా నిర్మాణంలో వాడక విడిగా ఉంచి, వాటితో ఫలితాన్ని పరీక్షించిన తరువాతనే విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు సిఫారసు చేయడం సముచితం.