గని తవ్విన కొండకు ముందు మన్ను, తరువాత మొక్క



సింధనూరు, మాన్వి, లింగసుగూరు ప్రాంతములలో స్థిరపడిన మన క్యాంపుల వారికి తుంగభద్ర ఎడమ కాలువను పరిచయము చేయనక్కరలేదు. 1953లో ఆనకట్ట పూర్తియైనప్పుడు జలాశయము ఇంచుమించు 133 టి.ఎం.సి.ల నీరు పట్టెడిది. 2016 సర్వేలో అది 105 టి.ఎం.సి.లకు కొంచెము పైన మాత్రమేనని తేలినది. మిగిలిన చోటు పూడికదే. అంతయు గనుల వలననే అనుట న్యాయము కాదు. దున్నిన చేల మన్ను, నరికిన అడవుల మన్ను కూడ అందులో ఉన్నవి. అయినను సండూరు కొండల ఎర్రమట్టి వానకు ఎటు పోవుచున్నదో మనకు పట్టవలసిన సంగతే.

అక్కడి ఇనుప గనుల తవ్వకమును సుప్రీంకోర్టు 2011 జూలై 29న నిలిపివేసినది. 2013 ఏప్రిల్‌లో షరతులతో కొన్నిటికి అనుమతి ఇచ్చినది. ప్రతి గనికి నేలను బాగుచేయు ప్రణాళిక ఉండవలెననునది ఆ షరతులలో ముఖ్యమైనది. ఆ ప్రాంతమంతటి పునరుద్ధరణకై 2014లో రాష్ట్రప్రభుత్వ సంస్థ ఒకటి ఏర్పడినది. దాని పనిని పర్యవేక్షించుటకు 2022లో కోర్టు నియమించినది మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారిని.

సరే, బాగుచేయుట అనగా ఏమి? గుంట తీసి మొక్క పెట్టుట అని చాలమంది అనుకొందురు. గని పక్కన పోసిన వ్యర్థపు దిబ్బ చూచుటకు మన్నువలె ఉండును గాని మన్ను కాదు. అందులో కుళ్లిన ఆకు లేదు, నత్రజని దాదాపు లేదు. ఉన్న కొద్ది భాస్వరమును ఇనుము పట్టుకొని వేరుకు అందనీయదు. వాన పడినచో నీరు ఇంకక జారిపోవును. జారునప్పుడు మొక్కను కూడ తీసికొనిపోవును.

కనుక మొదటి పని నీటిని ఆపుట. దిబ్బ ఏటవాలును మెట్లుగా తగ్గించి, అడుగున రాతిగోడ కట్టి, చుట్టు కాలువ త్రవ్వి, వాగులకు అడ్డముగా చిన్న రాతికట్టలు వేయుదురు. వాలు మీద కొబ్బరిపీచు చాప పరచుదురు. తవ్వకమునకు ముందే తీసి దాచిన పైమన్నును దాని మీద వేయవలెను. ఆ మన్నును పెద్ద కుప్పగా ఏండ్ల తరబడి ఉంచినచో అందలి సూక్ష్మజీవులు నశించును. మా దృష్టిలో ఎక్కువ నిర్లక్ష్యము జరుగునది ఇక్కడనే. పిమ్మట గడ్డి, స్టైలో వంటి పప్పుజాతి పైరు. వాటి వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఆ తరువాతనే కానుగ, వేప, ఉసిరి, సీతాఫలము. నీలగిరి త్వరగా పచ్చగా కనిపించును, ఫోటోకు బాగుండును. దాని క్రింద గడ్డి ఎంత మొలచినదో కూడ చూడవలెను.

మన తాలూకాలోని హట్టి సంగతి వేరు. అక్కడ కొండలు కాదు, బంగారము తీసిన పిండిరాయి దిబ్బలు. ఆ ఖనిజములో ఆర్సెనిక్ ఉండును, శుద్ధికి సయనైడ్ వాడుదురు. అట్టి పొడి గాలికి లేవకుండ మంచి మన్నుతో కప్పి గడ్డి పెంచవలసినదే గాని, దాని మీద కూరగాయలు, పశువుల మేత పెంచరాదు.

పిల్లలకు ఇది నేర్పుటకు రెండు వైపుల మూత కోసిన డబ్బా చాలును. చెట్టు నీడలోని నేలలో రెండు అంగుళములు దించి ఒక గ్లాసు నీరు పోసి, ఇంకుటకు ఎన్ని నిమిషములు పట్టినదో వ్రాయించుడి. తరువాత ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు త్రొక్కిన బాట మీద అట్లే చేయించుడి.